వార్తల్లో పదం: బదిలీ ఓటు
స్కాట్లాండ్‌లోని 32 స్థానిక కౌన్సిళ్లకు 2007 నుంచి ఈ పద్ధతిలోనే ఎన్నికలు జరుగుతున్నాయి. వార్డుకు సాధారణంగా ముగ్గురో నలుగురో కౌన్సిలర్లు. ఓటరు తనకు నచ్చిన వరుసలో పేర్ల పక్కన 1, 2, 3 అంకెలు వేస్తారు, మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగా. గెలవడానికి కోటా ఉంటుంది: నాలుగు సీట్ల వార్డులో 5,000 ఓట్లు చెల్లితే 1,001. కోటా దాటినవారి మిగులు తర్వాతి ప్రాధాన్యం పొందినవారికి వెళ్తుంది. అట్టడుగున ఉండి పోటీ నుంచి తొలగింపునకు గురైనవారి ఓట్లూ అంతే. బ్యాలెట్‌పై పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉండటంతో పైనున్నవారికే లాభమన్న ఫిర్యాదు సబబే. 16 ఏళ్లు నిండితే ఓటుంది. అక్కడ చట్టబద్ధంగా ఉంటున్న తెలుగువారికీ ఉంది. 2027 మేలో ఎన్నికలు. ముందే పేరు నమోదు చేసుకోండి.