కుడునా? ఇంపాలానా? సఫారీ వేటలో అసలు లెక్క ఇదీ!

దక్షిణాఫ్రికాలో వేట సఫారీలు నడిపే ఏ ఫామ్ వెబ్‌సైట్ తెరిచినా ఒక ధరల పట్టిక కనిపిస్తుంది. అచ్చం హోటల్ మెనూలా ఉంటుంది. ఇంపాలా ఇంత, జీబ్రా ఇంత, కుడు ఇంత... పక్కనే డాలర్లలో అంకెలు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత మెల్లగా దాన్ని చదవడం నేర్చుకున్నాను. ఎందుకంటే అందులో ఉన్నవి ఉత్త ధరలు కావు. ఈ నేలమీద రేపు ఏ జంతువు పెరుగుతుంది, ఏది కనపడకుండా పోతుంది అన్నది చాలావరకు ఆ పట్టికలో జనం దేనికి టిక్ పెడతారన్న దానిమీదే ఉంటుంది.

నేను జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వేటగాణ్ని కాదు, తుపాకీ ముట్టింది లేదు. కానీ డాలస్‌లో ఉండే మా బావ పుణ్యమా అని ఈ లెక్కలన్నీ ఒంటబట్టాయి. వాళ్ల మేనేజర్ టెక్సస్‌లో ఏటా వేటకు వెళ్లే మనిషి. ఈసారి లింపోపో రాష్ట్రంలో వారం రోజుల సఫారీ బుక్ చేసి, బావను కూడా లాగాడు. ఒకరోజు రాత్రి ఫోను.

"ఒరేయ్, నాలుగు జంతువుల్ని సెలెక్ట్ చేసుకోమంటున్నారు. నువ్వక్కడే ఉన్నావుగా, ఏవి తీసుకోమంటావు?"

"బావా, ఇదేమన్నా బిర్యానీ ఆర్డరా నన్నడగడానికి!" అన్నాను. అన్నానే గానీ, తెలిసినవాళ్లను అడగడం మొదలుపెట్టాను.

సింహాలు కాదు, ఇవీ

సఫారీ అనగానే మనకు సింహం, ఏనుగు, చిరుతపులి, ఖడ్గమృగం, అడవి దున్న గుర్తొస్తాయి. వాటిని 'బిగ్ ఫైవ్' అంటారు. మిగతా గడ్డిమేసే జంతువుల్ని కలిపి వేటగాళ్లు 'ప్లెయిన్స్ గేమ్' అంటారు. అంటే మైదానాల్లో, పొదల అడవుల్లో తిరిగే ఇంపాలా, కుడు, జెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్, స్ప్రింగ్‌బాక్, బ్లెస్‌బాక్, జీబ్రా, ఈలాండ్ లాంటివి. అడవిపందికి ఆఫ్రికా చుట్టంలాంటి వార్ట్‌హాగ్ కూడా ఇందులోదే. సైజుల్లో ఎంత తేడా అంటే, స్ప్రింగ్‌బాక్ 40 కిలోలు తూగితే గొప్ప. మగ ఈలాండ్ మన ఒంగోలు గిత్తకు దీటుగా, ఒక్కోసారి 900 కిలోల దాకా పెరుగుతుంది.

ఖర్చు రెండు రకాలు. రోజుకింత అని వసతికీ, గైడుకీ కట్టేది ఒకటి. వేటాడిన ఒక్కో జంతువుకూ కట్టే 'ట్రోఫీ ఫీజు' రెండోది. ఫామ్‌ను బట్టి మారుతుంది గానీ, ఇంపాలాకు నాలుగైదు వందల డాలర్లు ఉంటే, కుడుకు రెండు మూడు వేలు ఉంటుంది. ఒక నిబంధన మాత్రం దాదాపు అంతటా ఒకటే: తూటా తగిలి రక్తం చుక్క కనిపిస్తే చాలు, జంతువు దొరక్కపోయినా ఫీజు కట్టాల్సిందే.

ముందు చోటు, తర్వాత జంతువు

కొత్తవాళ్లు ముందు జంతువుల జాబితా రాసుకుని, తర్వాత చోటు వెతుకుతారు. అనుభవం ఉన్నవాళ్లది తిరగేసిన పద్ధతి. స్ప్రింగ్‌బాక్ కరూ లాంటి ఎండు మైదానాలది. జెమ్స్‌బాక్ కలహారీ, నమీబియా వైపుది. న్యాలా క్వాజులూ-నటాల్ పొదల్లోది. కుడు, ఇంపాలా, వార్ట్‌హాగ్ లింపోపో ముళ్లపొదల్లో సొంత ఇంట్లో ఉన్నట్టు బతుకుతాయి.

అయితే డబ్బుంటే అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఎక్కడివో జంతువుల్ని లారీల్లో తెచ్చి కంచెలో వదిలే ఫామ్‌లు ఉన్నాయి మరి. బావ జాబితాలో మొదట ఉన్నవి కుడు, జెమ్స్‌బాక్, జీబ్రా, బంగారు రంగు వైల్డ్‌బీస్ట్. వాటర్‌బర్గ్ కొండల పక్క ఫామ్‌లో కలహారీ జెమ్స్‌బాక్ ఏం చేస్తోంది అని అడిగాను. "ప్యాకేజీలో ఉంది రా" అన్నాడు.

టేపు చెప్పేది, చెప్పనిది

కొమ్ముల పిచ్చికి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లో జంతువుల తోళ్లలో గడ్డి కూరి బొమ్మలు తయారుచేసే రోలాండ్ వార్డ్ అనే వ్యాపారి 1892లో కొమ్ముల కొలతలతో ఒక రికార్డుల పుస్తకం వేశాడు. ఆ పేరు మీద రికార్డులు ఇప్పటికీ నడుస్తున్నాయి. అందులో కుడుకు చోటు దక్కాలంటే మెలిక వెంబడి టేపు పెట్టి కొలిచినప్పుడు కొమ్ము దాదాపు 54 అంగుళాలు ఉండాలి.

ఇక్కడే మెలిక ఉంది. మగ కుడుకు రెండేళ్లకు కొమ్ము ఒక చుట్టు తిరుగుతుంది. రెండున్నర చుట్లు పూర్తయ్యేసరికి ఆరేళ్లు. ఇంకా ముసలిదైతే పొదల్లో రుద్దీ రుద్దీ కొనలు అరిగిపోతాయి, టేపులో అంగుళాలు తగ్గుతాయి. అంటే మందకు ఇక పెద్దగా అవసరంలేని ముసలి జంతువుకు మార్కులు తక్కువ. మంచి వయసులో ఉండి పిల్లల్ని కనాల్సినదానికి మార్కులు ఎక్కువ. టేపును నమ్ముకుంటే తప్పు జంతువు పోతుంది.

జెమ్స్‌బాక్‌లో ఇంకో చిక్కు. మగకూ ఆడకూ రెండింటికీ కొమ్ములుంటాయి. ఆడదానివి సన్నగా, ఎక్కువ పొడవుగా ఉంటాయి. అంగుళాల కోసం చూస్తే దూడ వెంట ఉన్న తల్లి కూడా గురిలో పడుతుంది. జీబ్రాకు కొమ్ములే లేవు, మగా ఆడా దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ఒక మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు కలిసి కుటుంబంలా తిరుగుతాయి. ఆ మగదాన్ని తీసేస్తే ఆ కుటుంబం ఏమవుతుందో ధరల పట్టికలో రాసి ఉండదు.

అందుకే ఇక్కడ విదేశీ వేటగాడు ఒంటరిగా వేటాడకూడదు. లైసెన్సున్న ప్రొఫెషనల్ హంటర్ పక్కన ఉండి తీరాలి. అందరూ 'పీహెచ్' అంటారు. మంచి పీహెచ్ పని జంతువును చూపించడం కాదు, వద్దని చెప్పడం.

కంచె కథ

ఇంతకీ ఈ వ్యాపారం అంతా ఎలా మొదలైంది? ఒకప్పుడు ఇక్కడ ఎవరు పడితే వాళ్లు, దేన్ని పడితే దాన్ని కాల్చారు. ఒంటి ముందు సగంమీదే చారలుండే క్వాగా అనే జీబ్రా 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చివరిది చచ్చిపోవడంతో లోకంలోంచే పోయింది. బాంటెబాక్ అనే జింకల కోసం 1931లో నేషనల్ పార్కు పెట్టేనాటికి మిగిలినవి 17 అని లెక్క.

1991లో వచ్చిన గేమ్ థెఫ్ట్ చట్టం పెద్ద మలుపు. సరైన కంచె ఉంటే, ఆ నేలమీది అడవి జంతువులపై యజమాని హక్కు గట్టిపడింది. అవి కంచె దాటి పోయినా హక్కు పోదు. రైతు లెక్క వేసుకున్నాడు. వానల్లేని నేలమీద ఆవుల్ని మేపడం కంటే ఇంపాలాను పెంచితే లాభం కదా! ఇప్పుడు దేశంలో ఇలాంటి ప్రైవేటు ఫామ్‌లు దాదాపు 9 వేలు. పశువుల కొట్టాలు పోయి మళ్లీ జింకలొచ్చాయన్నది నిజం.

కంచెలు జంతువుల పాత దారుల్ని కోసేశాయన్నది, ఖరీదైన జింకల్ని తింటాయని చిరుతల్నీ అడవికుక్కల్నీ యజమానులు శత్రువుల్లా చూస్తారన్నది కూడా అంతే నిజం. కెన్యా 1977లోనే వేటను నిషేధించి కెమెరా సఫారీలకు పరిమితమైంది. బోట్స్‌వానా 2014లో ఆపింది, 2019లో మళ్లీ తెరిచింది. ఎవరి వాదన వాళ్లది.

కానీ 'బంగారు వైల్డ్‌బీస్ట్' విషయంలో నాకే అనుమానమూ లేదు. అదేమీ కొత్త జాతి కాదు. మామూలు నీలి వైల్డ్‌బీస్ట్‌లో అరుదుగా పుట్టే రంగు. కొనేవాళ్లు అరుదైనదానికి ఎక్కువ ఇస్తారని తెలిసి, ఏరి ఏరి జతకట్టించి పెంచారు. నల్ల ఇంపాలా, రాగిరంగు స్ప్రింగ్‌బాక్ కూడా అంతే. 2010 తర్వాత వీటి ధరలు రియల్ ఎస్టేట్‌లా ఆకాశానికంటాయి, కొన్నేళ్లకే కుప్పకూలాయి. వీటిని కోరుకునే ప్రతి టిక్కూ అడవిని కోళ్లఫారం చేస్తుంది.

ఇదంతా బావకు చెప్పాను. రెండు రోజులు ఆలోచించి జాబితా మార్చాడు. ఇంపాలా, వార్ట్‌హాగ్, మామూలు వైల్డ్‌బీస్ట్, కుడు. నాలుగూ లింపోపోలో ఉండేవే. మొదటి రెండూ అక్కడ దండిగా ఉన్నాయి, ఫీజూ తక్కువ.

వద్దన్న కుడు

జులైలో వచ్చారు. ఇక్కడ అది చలికాలం. ఆకులు రాలి, గడ్డి ఎండి, జంతువులు కనబడే కాలం. నేనూ వెంట వెళ్లాను.

ఇంపాలా రెండోరోజే అయిపోయింది. మందకు దూరంగా తిరుగుతున్న ముసలిది. వార్ట్‌హాగ్ మూడోరోజు. వైల్డ్‌బీస్ట్ మాత్రం ఏడిపించింది. దాన్ని ఇక్కడ 'పేదోడి బఫెలో' అంటారు. ఖరీదు తక్కువ, ప్రాణం గట్టిది. దాని గుండె మనం అనుకునేదానికంటే కిందుగా, ముందుకాళ్ల మధ్యకు ఉంటుంది. బావ తూటా కాస్త వెనక్కి తగిలింది. ట్రాకర్ ఎండుటాకులమీద రక్తపు చుక్కలు వెతుక్కుంటూ రెండున్నర గంటలు నడిచాడు, మేం వెనకాల. దొరికేదాకా బావ ఒక్కమాట మాట్లాడలేదు. దొరికాక కూడా ఫొటో వద్దన్నాడు. జంతువును ఎంచుకునేముందు మన గురి ఎంతో చూసుకోవాలని అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

చివరిరోజు సాయంత్రం కుడు కనిపించింది. నూటయాభై గజాల్లో, పక్కకు తిరిగి, బొమ్మలా నిలబడింది. బావ రైఫిల్ ఎత్తాడు. పీహెచ్ బైనాక్యులర్ దించకుండానే తల అడ్డంగా ఊపాడు. "రెండు చుట్లే. ఇంకా కుర్రాడు. మూడేళ్లు ఆగాలి." ఆ ఫీజు ఫామ్‌కు అక్షరాలా రెండున్నర వేల డాలర్లు. అయినా వద్దన్నాడు. బావ మొహం చిన్నబోయింది గానీ రైఫిల్ దించాడు. కుడు మమ్మల్ని ఒకసారి చూసి పొదల్లోకి పోయింది.

మాంసం మాటకొస్తే, విదేశీ వేటగాడు దాన్ని ఇంటికి పట్టుకెళ్లలేడు. ఫామ్‌లో వండుతారు, పనివాళ్లకు పంచుతారు, మిగిలింది కసాయి కొట్టుకు పోతుంది. కొంత ధనియాలు, వెనిగర్, ఉప్పు పట్టించి ఎండబెట్టి 'బిల్‌టాంగ్' చేస్తారు. మన వట్టితునకలకు దగ్గరి చుట్టం. ట్రాకర్ మాత్రం ఆరోజు వైల్డ్‌బీస్ట్ తొడ ఇంటికి తీసుకెళ్లాడు.

మన కృష్ణజింక ధర ఎంత?

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. సల్మాన్‌ఖాన్ మీద కేసుతో దాని పేరు అందరికీ తెలిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపితే జైలే. అదే కృష్ణజింక టెక్సస్ ఫామ్‌ల ధరల పట్టికలో దర్జాగా ఉంటుంది. 1930ల్లో అక్కడికి చేరి, కంచెల్లో పెరిగి మందలైంది. మన మనుబోతు కూడా అక్కడుంది. డాలస్ నుంచి కారెక్కితే చాలు, మనవాళ్లు వాటిని చూడొచ్చు, డబ్బు కట్టి వేటాడొచ్చు కూడా.

ఇటు కర్నూలు వైపు ఆలూరు, ఆదోని రైతును అడిగితే కృష్ణజింక అంటే మొలకల్ని మేసిపోయే నష్టం. టెక్సస్ యజమానికి అదే ఆదాయం. కర్నూలులో వేట తెరవాలని నేననడం లేదు. మనకు కంచెల్లేవు, జింక ఎవరి సొత్తూ కాదు, అలాగే ఉండటమే నాకిష్టం. కాకపోతే, జింక బతకాలని కోరుకునే మనం ఆ రైతు నష్టం ఎవరు భరించాలో కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికా తన సమాధానాన్ని ధరల పట్టికలో రాసుకుంది. అది నచ్చకపోతే మన సమాధానం మనం రాసుకోవాలి, పరిహారం రూపంలోనైనా సరే.

ఇక మీ స్నేహితులెవరైనా రేపు అలాంటి పట్టిక పట్టుకుని "ఏది తీసుకోను?" అని అడిగితే, అసలు వెళ్లొద్దని చెప్పడం మీ ఇష్టం. వెళ్లేవాళ్లకు మాత్రం నాలుగు మాటలు చెప్పండి. ఆ నేలకు చెందినదాన్నే చూసుకోమనండి. రంగు మార్చి పెంచినదాన్ని వదిలేయమనండి. తన గురికి మించినదాని జోలికి పోవద్దనండి. పీహెచ్‌ను మొదటిరోజే "అన్నిటికంటే పెద్ద కొమ్ములు ఎక్కడ?" అని కాకుండా "ఏది పోతే ఈ మందకు నష్టం లేదు?" అని అడగమనండి. దానికి సూటిగా జవాబు చెప్పలేని ఫామ్ అయితే, అడ్వాన్సు కట్టకముందే వెనక్కి తిరగడం మేలు.