నగర సంఘములు, కాపరుల శిక్షణ

ఉప్పల్, నాచారము కర్మాగారముల పేటలు. ఇచ్చట సంఘమును కాయుట పల్లెలో వలె కాదు.

1842లో ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు చేరినది మొదలు, తెలుగు లూథరను సంఘములకు పల్లెలలో ఉపదేశియే ఆధారము. తరచు బడిపంతులును అతడే. చావు పుట్టుకల కబురు మొదట అందునదియు అతనికే. స్త్రీల యొద్దకు బైబిలు స్త్రీలు వెళ్లెడివారు. వారి పేర్లు చరిత్రలలో అరుదుగా కానవచ్చుట విచారకరము.

కాపరుల శిక్షణకు రాజమండ్రిలోని లూథర్‌గిరి పేరొందినది. 1964లో ఆ పట్టణముననే లూథరనులు బాప్టిస్టులు మొదలగువారితో కూడి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను నెలకొల్పిరి. 1973లో అది హైదరాబాదునకు తరలినది. విద్యార్థులకు నగరమే పాఠశాలయైనది.

పల్లెలో గంట మ్రోగినంతనే సంఘము కూడును. ఇచ్చటనో ఒకరు రాత్రి షిఫ్టులో నుందురు. వేరొకరు మూడు బస్తీల కావల అద్దెయింట నుందురు. ఎవరి యిల్లు ఎచ్చటనో తెలియుటకే కాపరికి ఏడాది పట్టును. అంతలో బదిలీయైనచో రోగులకు, వృద్ధులకు మరల క్రొత్త ముఖమే. పట్టా చూచి నియమించుట చాలదని మా యభిప్రాయము. వెళ్లు కాపరి వచ్చువానికి రిజిస్టరుతో పాటు ఇండ్ల గురుతులు, షిఫ్టు వేళలు గూడ అప్పగించి, నెలనాళ్లు వెంట త్రిప్పుట మేలు.