టీబీ మందులకు తగ్గని దగ్గు

గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో దగ్గుకు కారణం వెతుక్కోనక్కర్లేదు. వానల్లేని ఏడు బీళ్ల మీంచి లేచే దుమ్ము, పొయ్యిలో కంపకట్టెల పొగ, చెనక్కాయలు ఒలిచేచోట రేగే పొట్టు, వీటన్నిటికీ తోడు బీడీ. అందుకే యాభై దాటిన మనిషి నెలల తరబడి దగ్గుతున్నా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సిరప్పు, అదీ పనిచెయ్యకపోతే సూది, ఆ తర్వాత హిందూపురం వెళ్లి ఎక్స్‌రే. అందులో తెల్లటి మచ్చ కనబడితే అందరి నోటా వచ్చే మాట టీబీ.

ఆ అనుమానం తప్పు కాదు. మన దేశంలో టీబీ అంత ఎక్కువ. అయితే ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఎక్స్‌రేలో అలాంటి మచ్చగానే కనిపించవచ్చు. లక్షణాలూ కలుస్తాయి: దగ్గు, కళ్లెలో రక్తపు చార, ఆకలి మందగించడం, మనిషి చిక్కిపోవడం. చిక్కల్లా కళ్లెలో క్రిమి దొరక్కపోయినా మందులు మొదలుపెట్టి, అంతటితో ఊరుకోవడంలో ఉంది. మూత్రం ఎర్రగా వస్తోంది కాబట్టి మందు పనిచేస్తోందని ఇంట్లోవాళ్లు ధైర్యపడతారు. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, అంతే. జబ్బు తగ్గిందో లేదో ఆ రంగు చెప్పదు. టీబీ కోర్సు సాధారణంగా ఆరు నెలలు. లోపల ఉన్నది క్యాన్సర్ గడ్డయితే, ఆపరేషన్‌తో తీసెయ్యగలిగే దశ ఆ ఆరు నెలల్లోనే దాటిపోవచ్చు.

కాబట్టి దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోండి. సర్కారు ఆసుపత్రిలో అది ఉచితం. క్రిమి దొరికితే కోర్సు మధ్యలో ఆపొద్దు. దొరక్కపోయినా, రెండు నెలలు మందులు మింగినా మనిషి తేరుకోకపోయినా, సీటీ స్కాన్ అవసరమేమోనని డాక్టర్‌ని మీరే అడగండి. కళ్లెలో రక్తం పడుతుంటే అన్నాళ్లు కూడా ఆగొద్దు. టీబీ ఖాయమైన మనిషికి క్యాన్సర్ రాదన్న భరోసా లేదు. పాత టీబీ మచ్చలున్న ఊపిరితిత్తికి ఆ ముప్పు కొంత ఎక్కువే.

ఇంట్లోనే చూసుకోగల గుర్తు ఒకటుంది. రెండు చూపుడు వేళ్ల గోళ్లను ఒకదానికొకటి వీపులు ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. గోళ్ల మొదళ్ల దగ్గర చిన్న నలుపలకల సందు కనిపించాలి. వేళ్ల కొసలు ఉబ్బి ఆ సందు మూసుకుపోతే ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో ఏదో ఉందని అనుమానించాలి. అది క్యాన్సరే కానక్కర్లేదు, కానీ డాక్టర్‌కి చూపించాల్సిందే. గొంతు బొంగురుపోయి వారాలైనా సర్దుకోకపోవడం, భుజం వదలకుండా లాగడం కూడా ఈ కోవలోవే.

స్కానింగ్‌లో గడ్డ కనిపిస్తే ముక్క పరీక్ష చెయ్యాలి. ఇక్కడే చాలా కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం బలంగా ఉంది. అలా పాకడం చాలా చాలా అరుదు. ముక్క తియ్యకుండా వైద్యం మొదలుపెట్టడమే అసలు ప్రమాదం, ఎందుకంటే ఈ జబ్బు ఒకే రకం కాదు. నూటికి సుమారు పదిహేను మందిలో కనిపించే స్మాల్ సెల్ రకం వేగంగా పాకుతుంది. దానికి ఎక్కువగా కీమో, రేడియేషన్; మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనేది దీన్నే. మిగతా రకాల్లో గడ్డ చిన్నగా ఒకచోటే ఉంటే ఆ భాగాన్ని కోసి తీస్తారు. ఛాతీలో గ్రంథులకు పాకితే చాలామందికి కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. ఇతర అవయవాలకు చేరితే అది నాలుగో స్టేజీ.

నాలుగో స్టేజీ అనగానే చేతులెత్తేసే రోజులు పోయాయి. మన దేశంలో అడినోకార్సినోమా రకం రోగుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటుంది. బీడీ ముట్టని ఆడవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఆ మార్పు ఉందని ముక్క పరీక్షలో తేలితే జెఫిటినిబ్ లాంటి మాత్ర రోజుకొకటి ఇంట్లోనే వేసుకోవచ్చు. జబ్బును పూర్తిగా నయం చెయ్యకపోయినా, చాలామందిలో నెలల నుంచి ఏళ్ల దాకా అదుపులో ఉంచుతుంది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో లాంటి కంపెనీలు దీన్ని జనరిక్‌గా తయారుచేయడంతో ధర బాగా దిగింది. మార్పు లేనివారికి కీమో, కొందరికి ఇమ్యునోథెరపీ. ఆ కీమోలో తరచూ వాడే పెమెట్రెక్సెడ్, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందుల కుటుంబానిది. ఆ కుటుంబంలో తొలి మందులు 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో వచ్చాయి. పెమెట్రెక్సెడ్ ఇచ్చేటప్పుడు ఒంటిని కాపాడటానికి ఫోలిక్ యాసిడ్ మాత్రలూ ఇస్తారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను మొదట కృత్రిమంగా తయారుచేసిందీ ఆయన బృందమే.

కారణాల్లో పొగాకుదే పెద్ద వాటా. తునికాకు బీడీ చిన్నది కదా అనుకోవద్దు. ఊరికే ఆరిపోతుంది కాబట్టి మాటిమాటికీ గట్టిగా లాగాలి, తారు సిగరెట్‌కేమీ తీసిపోదు. మానేసిన పదేళ్లకు ముప్పు సుమారు సగానికి పడుతుంది. జబ్బు బయటపడ్డాక మానినా మేలే. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. రాయి కోసే, పాలిష్ పట్టే చోట ఎగిరే సిలికా దుమ్ము కూడా క్యాన్సర్ కారకమే. తాడిపత్రి బండల పనివారు, బెంగళూరు కట్టడాల్లో టైల్స్ కోసే మన పిల్లలు నీళ్లు కొడుతూ కొయ్యాలి, మాస్కు కట్టుకోవాలి. కట్టెల పొగనూ అనుమానితుల జాబితాలో చేర్చారు. గ్యాస్ ఉన్నా నీళ్లు కాచడానికి కట్టెలే వాడే ఇళ్లలో ఆ పొయ్యి ఆరుబయట ఉండటం మంచిది.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో మొదట ప్రారంభించిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. గోరంట్ల నుంచి చాలామందికి బెంగళూరే దగ్గర. 1973లో మొదలైన కిద్వాయ్ ఆసుపత్రి అక్కడ ఉంది, కానీ అది కర్ణాటక ప్రభుత్వానిది. మన కార్డు ఎక్కడ చెల్లుతుందో, ఏ పరీక్షకు చెల్లదో బస్సెక్కే ముందే కనుక్కోండి.

ఇంకో మాట. ‘మా నాయనకు చెప్పాకండి సార్, తట్టుకోలేడు’ అని కొడుకులు డాక్టర్‌ను బతిమాలుతుంటారు. ప్రేమతోనే అంటారు. కానీ రోజూ మాత్ర మింగాల్సిందీ, కీమోకు ఒప్పుకోవాల్సిందీ, భూమి అమ్మాలా వద్దా అని తేల్చాల్సిందీ ఆ నాయనే. ఆయన అడిగితే దాచొద్దు. వైద్యం పనిచెయ్యని దశలోనూ నొప్పికి మార్ఫిన్ ఉంది, ఆయాసాన్ని తగ్గించే మార్గాలున్నాయి. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఆఖరి వారంలో కాదు, జబ్బు పేరు తెలిసిన రోజు నుంచే దాన్ని అడగొచ్చు.