జీపుబండి వెనుక దీపము

ఇది మగవారి ముచ్చట యని ఈ పుట త్రిప్పివేయకుడు. ఇంట నొక పాతబండిని బాగుచేయ మొదలుపెట్టినచో దాని దుమ్మును, నూనెమరకలును, ఖర్చును కడకు చేరునది గృహిణి యొద్దకే. రాత్రివేళ ఆ బండి నెక్కిపోయిన బిడ్డకొఱకు వీధిగుమ్మమున నిలిచి యెదురు చూచునదియు నామెయే.

హనుమకొండలో మా యింట నొక జీపు కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో తయారైన విల్లీస్ జీపు అది. 1941 మొదలు 1945 వఱకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి ఇట్టివానిని 6 లక్షలకు పైగా చేసినవి. యుద్ధము ముగిసిన పిదప సైన్యమున కక్కఱలేని బండ్లను మన దేశమున అమ్మివేసినపుడు మా మామగారి తండ్రిగారు దీనిని కొనిరి. మా అత్తగారు కొత్తకోడలుగా కాజీపేట స్టేషనులో రైలు దిగి, ఈ జీపులోనే అత్తవారింటికి వచ్చిరట. వెనుక ఎడ్లబండిలో సారెతో వచ్చుచున్న పుట్టింటివారికి చీకటిలో దారి చూపినది, ముందుపోవు జీపునకు ఎడమప్రక్కనున్న ఒకేయొక ఎఱ్ఱదీపమట. ఈ మాట నామె మాకు పలుమార్లు చెప్పియుండిరి; మేమును పలుమార్లు విని ఊరకుంటిమి.

తరువాత ఆ జీపు పశువులకొట్టములో ముప్పదియేండ్లు పడియుండెను. మా అబ్బాయి దానిని వెలికిదీసి, మరల నడిపింతునని పూనుకొనెను. ఇంజను కథయు, చక్రముల కథయు వ్రాసిన నొక సంచిక చాలదు; వానిని విడిచెదము. అన్నియు దొరికినవి గాని వెనుకదీపములు మాత్రము దొరకలేదు. ఆ చోట నెవరో తరువాతికాలపు జీపుల పెద్దదీపములను బిగించియుండిరి.

అసలుదీపము అరచేతిలో నిమిడెడి చిన్న ఇనుపరేకు డబ్బా. ఎడమ నొకటి, కుడి నొకటి. చూపులకు కవలలే గాని వాని పనులు వేఱు. ఎడమది మామూలు రాత్రులలో ఎఱ్ఱగా వెలుగును, బ్రేకు త్రొక్కినపుడు మఱింత వెలుగును. యుద్ధకాలపు బ్లాకౌటు దీపమును అందులోనే కలదు. కుడిదానిలో బ్లాకౌటు దీపమును, బ్లాకౌటు వేళ బ్రేకును తెలుపు దీపమును మాత్రమే కలవు. అనగా మామూలు దినములలో కుడిదీపము వెలుగనే వెలుగదు! మా అత్తగారు ‘ఒకేయొక దీపము’ అనుట ముసలితనపు మఱపు కాదని అపుడు మాకు తెలిసినది.

బ్లాకౌటు అన నేమో ఈనాటి పడుచులకు తెలియకపోవచ్చును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. అట్టి దినములలో ఆకాశమునుండి చూచు శత్రువునకు క్రింద వెలుగు కనబడరాదు. ఇండ్లలో దీపములకు మఱుగు కట్టెడివారు. కాని సైన్యపుబండ్లు వరుసగా రాత్రులు నడువకతప్పదు గదా. ముందుబండి కనబడనిచో వెనుకబండి దానిని గ్రుద్దును. వెలుగు పెంచినచో విమానము చూచును. దీనికొఱకు ఆ చిన్నడబ్బాలో నొక యుపాయము చేసిరి. దీపపు ముఖమున సన్నని కంతలుంచిరి. సుమారు 60 అడుగుల లోపలనుండి చూచిన నవి నాలుగు వెలుగులుగా కనబడును. అంతకంటె దూరముపోయిన రెండుగా కలియును. 180 అడుగులు దాటిన నొక్కటే యగును. రెండు కనబడుచుండునట్లు నడుపవలెనని డ్రైవరునకు నియమము. నాలుగైనచో మిక్కిలి దగ్గఱకు వచ్చినట్లు, ఒకటైనచో వెనుకబడినట్లు. గజముబద్ద లేకయే కంటితో కొలుచు కొలత యిది.

బ్రిటిషువారి లారీలలో వేఱొక పద్ధతి యుండెడిది. వెనుక ఇరుసు నడుమనుండు గుండ్రని పెట్టెకు తెల్లరంగు పూసి, దానిపై మాత్రమే వెలుగు పడునట్లు బండి క్రింద నొక చిన్నదీపమును దాచెడివారు. ఇంటనున్న సున్నమును, చిన్నబుడ్డిని జ్ఞప్తికి తెచ్చు ఈ యుపాయమే మాకు ఎక్కువ నచ్చినది.

ఇక వెదకుట. సికిందరాబాదు రాణిగంజిలోని దుకాణములు తిరిగితిమి. మదరాసు పుదుపేటకు మనుష్యుని పంపితిమి. కడకొక వ్యాపారి, యుద్ధకాలపు అసలుసరకే యని చెప్పి, తుప్పుపట్టిన దీపముల జత నొకదానిని పెద్దవెలకు మా అబ్బాయి కమ్మెను. వాడు పొంగిపోయెను. మేము దానిని చేత బట్టుకొని త్రిప్పిచూచితిమి. పాతనగలను, ఇత్తడిపాత్రలను నిత్యము చూచు కన్ను ఇట్టిచోట ఊరకుండదు. పైన తుప్పు సమముగా, పూసినట్లుండెను. మరచీలల గాడులు మాత్రము తళతళలాడుచుండెను. ఎనుబదియేండ్లలో ఎవరును ఒక్కమారైనను విప్పని దీపముండునా? విప్పిచూడగా లోపల 12 వోల్టుల బల్బు. యుద్ధకాలపు జీపుది 6 వోల్టుల విద్యుత్తు. పైగా ఆనాటి దీపములలో బల్బును, అద్దమును కలిపి ఒకే బిళ్ళగా మూసియుంచెడివారు. మాడినచో బిళ్ళనంతయు మార్చవలసినదే. కొత్తరేకునకు ఉప్పునీటితోనో, మఱి దేనితోనో ముసలితనము తెచ్చిరన్నమాట. సొమ్ము తిరిగి రాలేదు.

అసలుది దొరికినది దూరమున కాదు, మన వరంగల్లులోనే. మట్టెవాడలో నొక ముసలిమేస్త్రీ తన కొట్టులో మేకులు పోసికొనుటకు వాడుచున్న డబ్బా అది! ఆయన మేకులను కాగితమున పోసి, డబ్బాను తుడిచి యిచ్చెను. గోకిచూడగా పొరలుపొరలుగా రంగులు. అన్నిటి క్రింద ఆకుపచ్చ సైన్యపురంగు. అది ఎడమదీపమే. ‘మేకులకు వేఱొక డబ్బా యిచ్చిన చాలునమ్మా’ యనెను. మేము మూతయున్న ఇత్తడిడబ్బా నొకదానిని పంపితిమి. కుడిదీపము మాత్రము దొరకలేదు. ఈ కాలమున చేసిన నకలునే, నకలని చెప్పి అమ్మినవారియొద్ద కొని, దాని లోపల సంవత్సరము చెక్కించితిమి. నకలు కొనుట తప్పని మేము తలపము. అసలని చెప్పి అమ్ముటయే మాకు రోత.

అంతతో తగవు తీరలేదు. 2021లో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన బండ్లకు ప్రత్యేకముగా నమోదునియమములు చేసినది. నంబరులో ‘వీఏ’ యను అక్షరములుండును. ప్రదర్శనలకును, ర్యాలీలకును తీసికొనిపోవచ్చును గాని దినదినము తిరుగరాదు. బండి తొలిరూపమున నుండవలెను. మా అబ్బాయి ఈ కడపటిమాటను పట్టుకొని, ‘ఒక దీపమే గదమ్మా అసలుండినది’ యని వాదించెను. మోటారునియమములు వెనుక రెండు ఎఱ్ఱదీపములను కోరుచున్నవని మేమంటిమి. ఒకనాటి సాయంకాలము ములుగురోడ్డున నొక లారీ ఆ జీపునకు చేరువదాక వచ్చి, కడక్షణమున ప్రక్కకు తొలగినది. ఎడమనున్న చిన్నవెలుగును చూచి మోటారుసైకిలనుకొంటినని ఆ డ్రైవరు చెప్పినాడట. ఎడ్లబండ్ల దారిలో చాలిన వెలుగు ఈనాటి దారిలో చాలదు.

ఆ రాత్రి వాడేమియు మాటలాడలేదు. మఱుసటినాడు వడ్రంగిచేత నొక సన్నని పలక చేయించి, దానికి రెండు పెద్ద ఎఱ్ఱదీపములు బిగించెను. జీపునకు కొత్తగా నొక్క రంధ్రమైనను వేయక, పలకను వెనుక తోలుపట్టీలతో కట్టును. ప్రదర్శనస్థలము చేరినపిదప విప్పివేయును. పట్టీలు కుట్టినది మేమే.

అసలుదీపమును పరీక్షించుటకు అమావాస్యనాటి రాత్రి ఊరిబయట మైదానమునకు పోతిమి. మా అత్తగారిని కుర్చీలో కూర్చుండబెట్టి, కుడిదీపమును గుడ్డతో కప్పి, బ్లాకౌటు మీటను లాగి, మా అబ్బాయి జీపును మెల్లగా ముందునకు పోనిచ్చెను. ఆమె కంటిపొరలకు ఆపరేషను జరిగి అపుడు రెండు మాసములు. ‘నాలుగు’ అనిరి. కొంత దూరము పోయినంతట ‘రెండు’ అనిరి. తరువాత చాలసేపు పలుకలేదు. జీపు మైదానపు చివరనున్న తాడిచెట్ల దాపునకు చేరినపుడు, ‘ఇదుగో, ఒకటే’ యని మా చేయి పట్టుకొనిరి.