కార్‌విల్: కంచె వెనుక పల్లె

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో మిసిసిపి నది ఒడ్డున కార్‌విల్ అనే చిన్న పల్లె ఉంది. అది ఇబర్‌విల్ పారిష్‌లో ఉంటుంది. (అక్కడ పారిష్ అంటే చర్చి పారిష్ కాదు, మన జిల్లా లాంటిది.) అంత చిన్న ఊరు వైద్య చరిత్రకెక్కింది కుష్ఠు వ్యాధి వల్ల. పేరు పలకడానికి కూడా జంకి మన పెద్దలు ‘పెద్దరోగం’ అనేవారే, అదే.

1894లో ఒక రాత్రి న్యూ ఆర్లీన్స్ నుండి ఏడుగురు రోగులను బొగ్గు పడవలో ఇక్కడికి తెచ్చారు. పాడుబడిన చెరకు తోటలో, ఒకప్పుడు బానిసలుండిన గుడిసెలలో ఉంచారు. అక్కడ నిప్పుకోళ్ళ ఫారం పెడుతున్నామని చుట్టుపక్కల వారికి చెప్పారట! 1896లో నలుగురు డాటర్స్ ఆఫ్ చారిటీ సిస్టర్లు వచ్చి సేవ మొదలుపెట్టారు. 1921లో కేంద్ర ప్రభుత్వం దానిని జాతీయ కుష్ఠు ఆసుపత్రిగా చేసుకుంది.

లోపల బడి, చర్చి, సొంత పత్రిక అన్నీ ఉండేవి. చుట్టూ మాత్రం ముళ్ళకంచె. ఇంటివారికి తలవంపులు రాకూడదని చాలామంది రోగులు పేరు మార్చుకునేవారు. 1946 వరకు వారికి ఓటు లేదు. రోగులు రోగులను పెళ్ళాడకూడదనే నిబంధన కూడా చాలాకాలం ఉంది.

1941లో ఇక్కడే డాక్టర్ గై ఫాజే ప్రోమిన్ అనే ఇంజెక్షన్‌తో ఈ వ్యాధి లొంగుతుందని చూపారు. మందు దొరికింది గాని, భయం అంత త్వరగా పోలేదు. రోగులు రాసే ఉత్తరాలను వేడి చేసి శుద్ధి చేశాకే బయటికి పంపే పద్ధతి 1960ల దాకా సాగింది.

1966లో వెల్లూరు సి.ఎం.సి.లో పేరు పొందిన డాక్టర్ పాల్ బ్రాండ్ కార్‌విల్ చేరారు. ఈ రోగంలో వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోవని, స్పర్శ లేనందున కాలినా, గీసుకున్నా, నిద్రలో ఎలుక కొరికినా తెలియక అవయవం పోతుందని మన దేశంలోనే ఆయన గ్రహించారు. ఆ జ్ఞానం కార్‌విల్‌లో మధుమేహ రోగుల పాదాల రక్షణకూ పనికివచ్చింది. కనుక షుగరు ఉన్నవారూ, రోజూ మీ అరికాళ్ళు చూసుకోండి.

ఒంటిమీద పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ కనిపించి, అక్కడ స్పర్శ తెలియకపోతే దాచుకోవద్దు. బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. రకాన్నిబట్టి ఆరు నెలలో, సంవత్సరమో మందులు మానకుండా వాడాలి. మందు మొదలైన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు సోకే అవకాశం దాదాపు పోతుంది. వేరుగా ఉంచవలసిన పనిలేదు. కుష్ఠును కారణంగా చూపి విడాకులు కోరే అవకాశాన్ని మన దేశంలో 2019లో గాని తొలగించలేదు.

కార్‌విల్ ఆసుపత్రిని 1999లో బేటన్ రూజ్ నగరానికి మార్చారు. పాత ఆవరణలో ఇప్పుడు మ్యూజియం ఉంది. ఆనాడు మిగిలిన రోగులకు ఏటా 33,000 డాలర్ల భృతి తీసుకుని బయటికి వెళ్ళవచ్చన్నారు. కొందరు వెళ్ళారు. కొందరు వృద్ధులు, మాకు తెలిసిన ఊరు ఇదొక్కటేనని అక్కడే ఉండిపోయారు.