పిల్లలు పాలించే ఊరు

పిల్లలూ! మీరు చాలా సినిమాలు చూసి ఉంటారు. వాటిలో కుర్రవాళ్ళుండేది తరుచు ఒక పాట పాడటానికో, చిన్నప్పుడు తప్పిపోయి ఆఖరున తల్లిదండ్రులకు దొరకటానికో! 1938 లో అమెరికాలో తయారైన ‘‘బాయ్స్ టౌన్’’ అనే చిత్రంలో మాత్రం, దారి తప్పిన కుర్రవాడు దొరకటంతో అసలు కథ మొదలవుతుంది. ఆ మాటకొస్తే, దొరకాలని వాడికేమీ లేదు.

వాడి పేరు వైటీ మార్ష్. లోకంలో తనవాడు అనేందుకు వాడికున్నదల్లా ఒక అన్న. ఆ అన్న జో, నేరం చేసి జైలు పాలయినాడు. తాను చెడినా తమ్ముడు చెడకూడదని అతనికి ఉన్నది. అందుచేత ఫాదర్ ఫ్లానగన్ అనే క్రైస్తవ గురువును పిలిపించి, తమ్ముణ్ణి తీసుకుపోయి కాపాడమని బతిమాలుకున్నాడు.

ఫాదర్ వెళ్ళేసరికి వైటీ పేకాడుతున్నాడు. పెద్దవాడి ఠీవి, పెద్దవాడి మాటలు! ఎవరి జాలీ వాడికి అక్కర్లేదు. ఫాదర్ వాణ్ణి ఇంచుమించు ఈడ్చుకుపోయినంత పనిచేసి బాయ్స్ టౌన్‌కు తెచ్చాడు. ఆ పేరుకు ‘‘బాలుర పట్నం’’ అని అర్థం. అక్కడ దిక్కులేని పిల్లలూ, పోలీసుల చేతికి చిక్కిన పిల్లలూ కలిసి ఉంటారు. పిల్లలు పారిపోకుండా చుట్టూ ఎత్తయిన గోడలేవీ లేవు. ఊరి మేయరును పిల్లలే ఎన్నుకుంటారు.

మేయరు పదవి అంటే వైటీకి నోరూరింది. తానూ ఎన్నికలో నిలబడి, బాకాలు ఊదించి నానా హంగామా చేశాడు. చివరకు టోనీ అనే కాలు చచ్చుపడిన కుర్రవాడు గెలిచాడు. ఆ తరువాత బాక్సింగ్ పోటీలో కూడా వైటీ ఓడిపోయాడు. ఇక వాడి పరువేం కావాలి? ఊరు విడిచి బయలుదేరాడు.

ఊళ్ళో పీవీ అని ఒక బుడతడున్నాడు. వైటీ ఎంత కసిరినా, వాడు మాత్రం వైటీ వెంటనే తిరిగేవాడు. వైటీ వెళ్ళిపోతుంటే ఏడుస్తూ రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఒక కారు వచ్చి వాణ్ణి కొట్టింది. (కంగారుపడకండి, పీవీ బతుకుతాడు!) అంతవరకు దేనికీ చలించని వైటీ గుండె అక్కడ పగిలింది. వాడు ఎటు పోతున్నదీ తెలియకుండా నగరంలోకి పోయాడు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా బాగా తోచిన ఘట్టం దీని తరువాత వస్తుంది. నగరంలో ఒక బాంకు దగ్గర వైటీకి తన అన్న ఎదురుపడ్డాడు. జైలుకు తీసుకుపోతుండగా తప్పించుకున్న జో, తన ముఠాతో ఆ బాంకును దోచి వస్తున్నాడు. చీకట్లో ఎవరో ఏమో తెలియక తమ్ముడి కాలు మీదనే తుపాకి పేల్చాడు. తరువాత వాణ్ణి ఒక చర్చిలో పడుకోబెట్టి, ఫాదర్‌కు కబురుచేసి, తన సంగతి ఎవరికీ చెప్పనని తమ్ముడి చేత మాట తీసుకున్నాడు.

ఇప్పుడు వైటీ ఏం చెయ్యాలి? నోరు విప్పితే అన్నకిచ్చిన మాట పోతుంది, అన్న పట్టుబడతాడు. విప్పకపోతే దోపిడీ నేరం తన మీదికి వస్తుంది. అంతే కాదు, ఇలాంటి దొంగపిల్లలను చేరదీశాడని జనం ఫాదర్‌ను ఆడిపోసుకుని ఆ ఊరినే మూయించేటట్టున్నారు. ఒకవైపు రక్తం పంచుకు పుట్టిన అన్న. రెండోవైపు తనకు అన్నం పెట్టిన ఊరు, తన కోసం కారు కింద పడ్డ పీవీ. మీరైతే ఏం చేసేవారో ఒక్క నిమిషం ఆలోచించి, తరువాత చదవండి.

వైటీ కుంటుతూ అన్న దాగిన చోటికే పోయి, తనను మాట నుంచి విడిపించమని అన్ననే అడిగాడు. జో విడిపించాడు! ముఠావాళ్ళు తమ్ముడి మీదికి రాబోతే అడ్డుపడ్డాడు కూడా. ఈలోగా ఫాదరూ, ఆయన వెంట బాయ్స్ టౌన్ కుర్రకారూ వచ్చిపడ్డారు. దొంగలు పట్టుబడ్డారు. ఆ తరువాత జరిగిన ఎన్నికలో ఊరు ఊరంతా వైటీనే మేయరును చేసింది. ఈ ముగింపు కాస్త తొందరగా జరిగిపోతుంది. సినిమావారికి ఎప్పుడూ ఆ తొందర ఉంటుంది!

ఇందులో వైటీ కల్పిత పాత్ర. కాని ఫాదర్ ఫ్లానగన్ నిజంగా ఉన్న మనిషి, ఆ ఊరు ఈనాటికీ ఉన్న ఊరు.

ఎడ్వర్డ్ ఫ్లానగన్ 1886 లో ఐర్లండులో పుట్టాడు. అమెరికా వెళ్ళి, నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో గురువుగా పనిచేశాడు. మరణశిక్ష పడిన ఒక ఖైదీ మాటలు విని ఆయన ఈ పనికి పూనుకున్నట్టు సినిమాలో చూపారు. నిజానికి ఆయన అప్పటికి పనీపాటా లేని దేశదిమ్మరుల కోసం ఒక వసతిగృహం నడుపుతూ ఉండేవాడు. వాళ్ళ కథలు వినగా వినగా, వీళ్ళ బతుకులు చెడటం చిన్నతనంలోనే మొదలయిందని ఆయనకు తోచింది. అలా అయితే మందు వెయ్యవలసింది కూడా అక్కడే కదా?

1917 డిసెంబరు 12 న ఆయన 90 డాలర్లు అప్పుచేసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. మొదట చేరినవాళ్ళు అయిదుగురు. ఆ డబ్బు ఇచ్చినదెవరో ఆయన బయటపెట్టలేదు. సినిమావాళ్ళు మాత్రం డేవ్ అనే తాకట్టు కొట్టువాణ్ణి కల్పించి ఆ లోటు పూడ్చుకున్నారు! ఏ మతంవాడు, ఏ జాతివాడు అని చూడకుండా ఆయన పిల్లలను చేర్చుకున్నాడు. ఇల్లు చాలకపోయేసరికి 1921 లో నగరానికి సుమారు పది మైళ్ళ దూరంలో ఒక పొలం సంపాదించి అక్కడికి మార్చాడు. 1936 లో ప్రభుత్వం దాన్ని ఒక గ్రామంగానే గుర్తించింది.

కొట్టి పిల్లలను బాగుచేయవచ్చునంటే ఫాదర్ ఫ్లానగన్ ఒప్పుకునేవాడు కాడు. 1946 లో తన పుట్టిన దేశం వెళ్ళినప్పుడు, అక్కడి పిల్లల శిక్షాలయాలలో కొరడా దెబ్బలు ఉండటం చూసి బహిరంగంగా ఖండించాడు. అక్కడి పెద్దలకు కోపం వచ్చింది, ఆయన మాట చెవిని పెట్టలేదు. ఆ శిక్షాలయాలలో పిల్లలు ఎన్ని బాధలు పడ్డారో ఎన్నో దశాబ్దాల తరువాత విచారణలు జరిగి లోకానికి తెలిసింది. అప్పటికి ఫాదర్ లేడు. యుద్ధంలో దిక్కులేనివారైన పిల్లల కోసం యూరప్ వెళ్ళి, 1948 లో బెర్లిన్‌లో చనిపోయాడు.

సినిమా వల్ల బాయ్స్ టౌన్ బాగుపడి ఉంటుందని మీరనుకోవచ్చు. మొదట జరిగింది తలకిందులు! ఆ కథ వాడుకున్నందుకు సినిమా కంపెనీ ఇచ్చినది 5,000 డాలర్లు. కాని సినిమా విపరీతంగా ఆడేసరికి, ఇక వీళ్ళకు డబ్బుకేం లోటు అనుకుని జనం చందాలు పంపటం తగ్గించారు. ఇంకోవైపు తమనూ చేర్చుకోమని పిల్లలు రాసాగారు. తమకు నిజంగానే డబ్బు కావాలని లోకాన్ని నమ్మించటానికి ఫాదర్ చాలా అవస్థపడవలసి వచ్చింది.

ఇప్పుడక్కడ పెద్ద పెద్ద వసతిగృహాలు పోయి, 1970 ల నుంచి మామూలు ఇళ్ళు వచ్చాయి. ఒక్కొక్క ఇంట్లో భార్యాభర్తలు కొద్దిమంది పిల్లలను పెట్టుకుని, ఒకే కుటుంబంగా వండుకు తింటారు. 1979 నుంచి ఆడపిల్లలను కూడా చేర్చుకుంటున్నారు. వాళ్ళూ మేయర్లయినారు.

ఫాదర్ వేషం వేసిన స్పెన్సర్ ట్రేసీకి ఈ సినిమాకు ఆస్కార్ బహుమతి వచ్చింది. ఆ బంగారు బొమ్మ బాయ్స్ టౌన్‌లోనే ఉన్నది. వైటీ వేషధారి మికీ రూనీ వయసు అప్పటికి పదిహేడు, పద్దెనిమిది. పీవీగా వేసిన బాబ్స్ వాట్సన్‌కు ఏడెనిమిదేళ్ళు. కెమెరా ముందు ఎంతసేపంటే అంతసేపు ఏడవగలడని వాడికి ఆ రోజులలో పెద్ద పేరు! వాడు పెరిగి పెద్దవాడై, సినిమాలు మానుకుని మెథడిస్టు చర్చిలో గురువయినాడు. చిన్నతనంలో ట్రేసీ వేసిన ఫాదర్ వేషాన్ని దగ్గరగా చూడటమే తనను ఆ దారికి తెచ్చిందని చెప్పుకునేవాడు.