డీఎన్‌ఏను వంచి చూసి మరీ కట్ చేస్తాయ్.. ఒక్క అక్షరం మారినా కత్తి దింపవు! ఈ ఎంజైమ్‌ల కథేంటి?

మనిషి జన్యువుల పుస్తకంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. వాడేది మాత్రం నాలుగే.. ఏ, టీ, జీ, సీ. హీమోగ్లోబిన్ తయారీకి సంబంధించిన జన్యువులో ఒక్క ‘ఏ’ ఉండాల్సిన చోట ‘టీ’ పడితే చాలు. అలాంటి జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన బిడ్డకు సికిల్‌సెల్ వ్యాధి వస్తుంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని నొప్పులు, రక్తహీనత.

మరి 300 కోట్లలో ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకునేదెలా? సైంటిస్టులకు దీనికి దొరికిన పనిముట్టు బ్యాక్టీరియా కత్తెర. పేరు రిస్ట్రిక్షన్ ఎంజైమ్.

అసలీ కత్తెర ఎందుకు పుట్టింది?

మన కోసం అయితే కాదు. బ్యాక్టీరియాకూ వైరస్‌ల బెడద ఉంది. వైరస్ తన డీఎన్‌ఏను లోపలికి ఎక్కించగానే ఈ ఎంజైమ్‌లు దాన్ని ముక్కలు చేసేస్తాయి. సొంత డీఎన్‌ఏ తెగకుండా బ్యాక్టీరియా ముందే దానిపై మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు పెట్టుకుంటుంది. గుర్తు ఉంటే మనోడు, లేదంటే పగోడు.. అంతే లెక్క! ఈ ఎంజైమ్‌లను వెలికితీసి, వాడి చూపించినందుకు వెర్నర్ ఆర్బర్, డేనియల్ నాథన్స్, హామిల్టన్ స్మిత్‌లకు 1978లో నోబెల్ వచ్చింది.

వంగితేనే కట్!

ఒక్కో ఎంజైమ్‌కు ఒక్కో ఇష్టమైన చోటు. ఈ-కొలై బ్యాక్టీరియాలో దొరికిన ‘ఎకో ఆర్ ఫైవ్’నే తీసుకుందాం. ఇది వెతికేది ‘జీఏటీఏటీసీ’ అనే ఆరు అక్షరాల కోసం. డీఎన్‌ఏకు రెండు పోగులుంటాయి కదా.. ఎదురు పోగును అటు నుంచి చదివినా ఇవే ఆరు అక్షరాలు వస్తాయి. మన ‘వికటకవి’ టైపు అన్నమాట. ఎంజైమ్ కూడా ఒకేలా ఉండే రెండు సగాల జంటే. ఒక్కో సగం ఒక్కో పోగును కోస్తుంది.

అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఎకో ఆర్ ఫైవ్ తప్పు చోట కూడా డీఎన్‌ఏను పట్టుకుంటుంది. పట్టుకోవడంలో పెద్దగా సెలెక్షన్ ఏమీ లేదు. కానీ సరైన ఆరు అక్షరాలు దొరికినప్పుడు మాత్రం డీఎన్‌ఏను దాదాపు 50 డిగ్రీలు వంచేస్తుంది. మధ్యలో ఉన్న ‘టీ-ఏ’ మెట్టు దగ్గర డీఎన్‌ఏ మడత పడుతుంది. అలా వంగితేనే కోయాల్సిన బంధం ఎంజైమ్ కత్తికి సరిగ్గా ఎదురొస్తుంది. కోతకు కావాల్సిన మెగ్నీషియం కూడా అప్పుడే తన సీట్లో కూర్చుంటుంది. తప్పు అక్షరాలుంటే డీఎన్‌ఏ అలా వంగదు, మెగ్నీషియం కుదరదు, కోత పడదు. ఆరింట్లో ఒక్క అక్షరం తేడా వచ్చినా కోత వేగం పది లక్షల రెట్లు లేదా అంతకన్నా ఎక్కువగా పడిపోతుంది.

అన్ని ఎంజైమ్‌లూ ఇంతలా వంచవు, ఒక్కో దాని పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఒక్క అక్షరం దగ్గర కూడా రాజీపడని పట్టింపు మాత్రం వీటిలో చాలావాటికి ఉంది. డాక్టర్లకు ఉపయోగపడింది ఆ పట్టింపే.

కడుపులో బిడ్డకు ఉందో లేదో ఎలా తెలిసింది?

1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో యూయెట్ వాయ్ కాన్ టీమ్ ‘ఎంఎస్‌టీ టూ’ అనే ఎంజైమ్‌ను సికిల్‌సెల్ టెస్టుకు వాడింది. మామూలు జన్యువులో దానికి నచ్చే ‘సీసీటీజీఏజీజీ’ ఉంటుంది. సికిల్ జన్యువులో అక్కడే ‘ఏ’ పోయి ‘టీ’ ఉంటుంది కాబట్టి ఎంజైమ్ కోయదు. ఫలితం.. మామూలు జన్యువైతే సుమారు 1,150 అక్షరాల ముక్క, సికిల్ జన్యువైతే సుమారు 1,350 అక్షరాల ముక్క వస్తాయి. రెండు సైజులూ కనిపిస్తే ఆ బిడ్డ క్యారియర్. అంటే వ్యాధి ఉండదు గానీ, జన్యువు మాత్రం ఉంటుంది.

దీని విలువేంటో ఆ తల్లులకే తెలుసు. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఎక్కువగా ఉండేది వేరే రకం హీమోగ్లోబిన్. పైగా అప్పట్లో పరీక్ష కోసం గర్భంలోని శిశువు నుంచే రక్తం తీయాల్సి వచ్చేది, అది రిస్క్. డీఎన్‌ఏ టెస్టుకు ఉమ్మనీటిలోని కణాలు సరిపోతాయి. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే ఛాన్స్ నాలుగింట ఒకటి.

మన దగ్గరా ఇది దూరపు ముచ్చట కాదు. 2047 కల్లా సికిల్‌సెల్‌ను లేకుండా చేయాలంటూ 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ మిషన్‌లోని 17 రాష్ట్రాల్లో ఏపీ, తెలంగాణ కూడా ఉన్నాయి. గిరిజన ప్రాంతాలపైనే ప్రధాన దృష్టి, 7 కోట్ల మందికి పరీక్షలు టార్గెట్. అయితే ఊళ్లలో చేసే ఈ స్క్రీనింగ్‌లో కత్తెర ఎంజైమ్‌లు వాడరు, రక్తంలోని హీమోగ్లోబిన్‌నే చూస్తారు.

ఇక ఇప్పుడు ఇదే వ్యాధికి చికిత్సలోకీ మరో బ్యాక్టీరియా కత్తెర వచ్చింది.. అదే క్రిస్పర్ క్యాస్-9. ఇదీ వంచే బాపతే! ‘జీజీ’ అనే గుర్తున్న చోట డీఎన్‌ఏను పట్టి, వంచి, కాస్త తెరిచి, తన దగ్గరున్న గైడ్‌తో పోల్చి చూసుకుంటుందని జెన్నిఫర్ డౌడ్నా టీమ్ 2022లో తేల్చింది. అన్నీ సరిపోతేనే కోత. ఈ కత్తెరతో రోగి మూలకణాలను మార్చి, పుట్టకముందు ఉండే హీమోగ్లోబిన్‌ను మళ్లీ తయారయ్యేలా చేసే ‘కాస్జెవీ’ చికిత్సకు 2023 డిసెంబర్‌లో అమెరికా ఓకే చెప్పింది. అక్కడ దాని లిస్ట్ ధర ఒక్కో రోగికి 22 లక్షల డాలర్లు.